చదివింపులు సరే, చదివించడం ఎప్పుడు?

మొహర్రం మాసంలో నెల్లూరు బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అనే భేదం అక్కడ లేదు. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి ఇస్తారు. కోరిక ఉన్నవారు అందుకొని, అది నెరవేరిన ఏడాది తాము కూడా రొట్టె చేసి తెచ్చి మరొకరికి ఇస్తారు. ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, వాటి నడుమ చదువు రొట్టె. దర్గా ఆచారాల విషయంలో మన ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చలోకి ఈ వ్యాసంలో దిగబోము. మా దృష్టి ఆ రొట్టె పేరు మీదనే నిలిచింది.

ఏళ్ళ తరబడి ఆ గట్టున నిలబడి మేము గమనించిన సంగతి ఒకటి ఉంది. "చదువు రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" అని నీళ్ళలో వెతుక్కుంటూ తిరిగే తల్లులలో మన తల్లులు ఎందరో ఉంటారు. ఎవరి కోసమమ్మా అని అడిగితే చాలామంది నోట కొడుకు పేరే వస్తుంది. కూతురి కోసం పట్టుకొనేది పెళ్ళి రొట్టె. ఇది ఆ తల్లుల తప్పు కాదు. 'చదువు' అనే మాటకు మన ఇళ్ళలో మనమే ఇచ్చుకొన్న అర్థం అటువంటిది. ఆ అర్థాన్ని ప్రశ్నించడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఒక మాట, మూడు రూపాలు

తెలుగులో 'చదువు' చాలా పాత మాట. అక్షరాలను కంటితో చూసి పలకడమూ చదువే, విద్య నేర్వడమూ చదువే. పూర్వ కవులు వేదాలను 'తొలిచదువులు' అన్నారు. సరస్వతిని నేటికీ 'చదువుల తల్లి' అంటారు. అంటే, ధర్మగ్రంథానికీ లోకవిద్యకూ వేర్వేరు మాటలు కావాలని ఈ భాష అనుకోలేదు. రెంటినీ ఒకే మాటతో పిలిచింది.

ఈ నేల మీద పుట్టి, ఈ భాష మాట్లాడే మనమూ ఆ మాటను మన బతుకులోకి తెచ్చుకొన్నాము. ఉర్దూలో 'నమాజ్ పఢ్నా' అన్నదాన్ని తెలుగులో 'నమాజు చదవడం' అన్నాము. ఖుర్ఆన్ చదువుతాము, ఫాతెహా చదివిస్తాము, నికాహ్ చదివిస్తాము. తెలుగు ముస్లిం ఇంట్లో తెల్లవారుజామున ఫజ్ర్ మొదలుకొని రాత్రి ఇషా వరకు ఈ మాట వినిపించని పూట ఉండదు. ఇన్నిసార్లు 'చదువు' అనే జాతి మరొకటి లేదనాలి. అయినా చదువులో వెనుకబడినవారి జాబితా తీస్తే మన పేరు ముందు వరుసలో ఉంటుంది. 2006 నవంబరులో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ప్రకారం, 2001 లెక్కలలో దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం. దేశపు సగటుకన్నా అది తక్కువ. చదవడం ఇంత, చదువు అంత. ఎక్కడ ఉంది లోపం?

లోపం ఈ మాటకున్న రూపాలలో ఒకదానితో తృప్తిపడి మిగిలినవాటిని వదిలివేయడంలో ఉందని మా అభిప్రాయం. 'చదవడం' ఒకటి. 'చదువుకోవడం' రెండవది, చివర 'కోవడం' చేరగానే ఆ పని తన కోసం, తనలోకి ఇంకేలా చేసేదవుతుంది. 'చదివించడం' మూడవది, మరొకరి చేత చదివించడం. మొదటిది నోటికి సంబంధించింది, రెండవది బుద్ధికి సంబంధించింది, మూడవది బాధ్యతకు సంబంధించింది. మనం మొదటిదాన్ని పట్టుకొని, రెండవదాన్ని సగం వదిలి, మూడవదాన్ని పెళ్ళిపందిట్లో పోగొట్టుకొన్నాము.

పందిట్లో పోగొట్టుకొన్నది

పెళ్ళిళ్ళలో ఇచ్చే కానుకలకు తెలుగులో 'చదివింపులు' అని పేరు. ఇచ్చినవారి పేరు, ఇచ్చిన మొత్తం పందిట్లో అందరూ వినేలా చదివించేవారు గనుక ఆ పేరు. మన పెళ్ళిళ్ళలోనూ సలామీలు రాసుకొనే పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో తరతరాలుగా గుర్తుంటుంది. ఆ ఇంట పెళ్ళయినప్పుడు మనం అంతకు తగ్గకుండా చదివించాలి. ఈ లెక్కలో మన సమాజం ఎన్నడూ తప్పలేదు.

కొంతకాలం క్రితం కోస్తా మండలంలోని ఒక ఊరికి నికాహ్‌కు వెళ్ళాము. పెళ్ళికూతురికి అప్పుడే పద్దెనిమిదేళ్ళు నిండాయి. తండ్రి మాకు తెలిసినవాడే, రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని. భోజనాల దగ్గర పక్కన కూర్చొని ఇలా అన్నాడు: "అమ్మాయి చదువు ఎప్పుడో అయిపోయింది భాయ్‌సాబ్. ఖుర్ఆన్ షరీఫ్ ఖతమ్ చేసింది, పదో తరగతి పాసయింది. ఇంకేం చదువు? ఇంటర్‌కు పక్క ఊరికి బస్సులో పోవాలి. ఆడపిల్లను ఎట్లా పంపేది?"

ఆ మాటలో అబద్ధం లేదు. బస్సు కష్టం నిజం, తండ్రి భయం నిజం, పేదరికం నిజం. కాని అదే నోటితో అతను చెప్పిన మరొక మాట మమ్మల్ని ఈనాటికీ వదలడం లేదు. వరుడికి ఇచ్చిన రఖమ్, బండి, మంచం, బీరువా, అమ్మాయి ఒంటిమీది బంగారం, వీటన్నిటికీ చేసిన అప్పు తీరడానికి ఆరేళ్ళు పడుతుందని. ఆ అప్పు చేసేటప్పుడు అతనికి భయం వేయలేదు. అప్పిచ్చినవారూ సందేహించలేదు. ఆ అమ్మాయి ఇంటరు, డిగ్రీ చదవడానికి అందులో ఎన్నో వంతు సరిపోయేదో లెక్క వేసిన పెద్ద ఆ పందిట్లో ఒక్కరూ లేరు. లేనివారిలో మేమూ ఉన్నాము. మేమూ కవరులో డబ్బు పెట్టి చదివించి వచ్చినవారమే.

సోదరులారా, మనం కట్నాలు చదివిస్తాము, కూతుళ్ళను చదివించము. షరీఅత్‌లో వరుడు వధువుకు ఇవ్వవలసిన మెహర్‌ను కాగితం మీది అంకెగా మిగిల్చి, ఎక్కడా లేని కట్నాన్ని రొక్కంగా లెక్కబెడతాము. 'చదివించడం' అనే పవిత్రమైన క్రియ మన ఇళ్ళలో బీరువాలకూ బండ్లకూ అంకితమైపోయింది. దీన్ని ఏ శత్రువూ మన మీద రుద్దలేదు.

అర్థంతో చదవడం

ఇక రెండవ రూపం సంగతి. 1991 జనగణనలో మాకు ఎన్యూమరేటరు డ్యూటీ పడింది. జనగణన నిబంధన చాలా స్పష్టంగా ఉంటుంది. ఏడేళ్ళు, ఆపై వయసున్న వ్యక్తి ఏ భాషలోనైనా సరే, అర్థం తెలిసి చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యుడు. బడికి వెళ్ళి ఉండాలన్న షరతు లేదు. ఫలానా భాషే కావాలన్న షరతూ లేదు.

ఒక ఇంట్లో వరండాలో కూర్చొన్న వృద్ధురాలిని చూపించి కొడుకు, "అమ్మకు చదువు రాదు సార్" అన్నాడు. ఆమె ఒడిలో ఉర్దూ పుస్తకం తెరచి ఉంది. "నానీ, ఇది చదువుతారా?" అని అడిగాము. చదివి, అర్థం చెప్పింది. రాయగలరా అంటే, గూడూరులో ఉన్న కూతురికి ఇన్నేళ్ళుగా ఉత్తరాలు రాసేది తానేనంది. అక్షరాస్యురాలు అని రాశాము. కొడుకు ఆశ్చర్యపోయి, "అదీ చదువేనా సార్?" అన్నాడు. తెలుగు, ఇంగ్లీషు రాకపోతే చదువు రానట్టేనని అతనికి ఎవరో నేర్పారు. ఎన్ని ఇళ్ళలో ఎందరు తల్లులను కన్నబిడ్డలే ఆ గడిలో నిరక్షరాస్యులుగా రాయించి ఉంటారో అల్లాహ్‌కే తెలుసు.

అదే వీధిలో మరో ఇంట్లో ఇరవై ఏళ్ళ యువకుడు. ఖుర్ఆన్ పారాయణం వింటే కళ్ళు చెమర్చేంత మధురంగా చేస్తాడు. అయితే చదివినదానికి అర్థం తెలియదు. ఏ లిపిలోనూ తన పేరు రాయలేడు. నిబంధన ప్రకారం అతన్ని అక్షరాస్యుడని రాయలేకపోయాము. తండ్రికి కోపం వచ్చింది. "అల్లాహ్ కలామ్ చదివేవాడు చదువురానివాడా? మీరూ ముసల్మానులేనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆనాడు జవాబు చెప్పలేకపోయాము. ఇన్నేళ్ళ తరువాత చెప్పదలచుకొన్నాము.

అయ్యా, ఆ బిడ్డ పారాయణం పుణ్యకార్యమే. దాన్ని తక్కువ చేసే అర్హత ఏ గుమాస్తాకూ లేదు. కాని ఆ బిడ్డను అక్కడే ఆపివేసినవారు అల్లాహ్ కలామ్‌కు న్యాయం చేయలేదు. అవతరణలో మొట్టమొదటి మాట 'ఇఖ్రా', చదువు అనే ఆజ్ఞ. ఖుర్ఆన్ అనే పేరూ ఆ ధాతువు నుంచి వచ్చినదే. ఆ తొలి వాక్యాలలోనే కలం ప్రస్తావన ఉంది, మనిషికి తెలియనిదాన్ని నేర్పడం గురించిన ప్రస్తావన ఉంది. అంటే మొదటి ఆజ్ఞలోనే నోరు, కలం, తెలివి మూడూ కలిసి వచ్చాయి. వాటిలో నోటిని ఉంచుకొని కలాన్నీ తెలివినీ విడదీసింది మనమే. జనగణన పత్రం అడిగిన 'అర్థం తెలిసి' అన్న షరతు సర్కారు పెట్టినది కావచ్చు. అంతకు పదమూడు శతాబ్దాలకు పైగా ముందే మన గ్రంథం ఆలోచించరా, గ్రహించరా అని మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది.

'దీనీ చదువు వేరు, దునియా చదువు వేరు' అని కొందరు పెద్దలు అంటారు. బద్ర్ యుద్ధం తరువాత ఏమి జరిగిందో వారు గుర్తు చేసుకోవాలి. పరిహారం చెల్లించలేని ఖైదీలలో చదవడం, రాయడం వచ్చినవారు ఒక్కొక్కరు పదేసి మంది మదీనా పిల్లలకు నేర్పితే విడుదల చేయాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిర్ణయించారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఆ గురువులు ముస్లిములు కారు, నిన్నటి వరకు కత్తి పట్టిన శత్రువులు. వారు పిల్లలకు నేర్పింది ధర్మశాస్త్రం కాదు, అక్షరాలు. దాన్ని ప్రవక్త (స) 'దునియా చదువు' అని తోసిపుచ్చలేదు. ఖైదు విడుదలకు ధరగా కట్టారు. షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ అనే వనిత ప్రవక్త (స) సతీమణి హఫ్సా (ర)కు రాయడం నేర్పారని హదీసు గ్రంథాలలో ఉంది. ఆడపిల్ల చేతికి కలం ఇవ్వడం పాశ్చాత్యుల అలవాటని వాదించేవారు ముందు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

చదువు కోసం చైనా వరకైనా వెళ్ళమన్నారంటూ మన సభలలో వినిపించే ఉపన్యాసం మరొకటి. హదీసు పండితులు చాలామంది ఆ మాటకు ప్రామాణికత లేదంటారు. ప్రామాణికత లేని ఆ మాటను మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకొంటాము. జ్ఞానార్జన ప్రతి ముస్లింకూ విధి అన్న ప్రసిద్ధమైన బోధను మాత్రం పక్క ఊరి కాలేజీ బస్సు దగ్గరే వదిలేస్తాము. చైనా దాకా ఎవరూ వెళ్ళనవసరం లేదు. కోటకో, నాయుడుపేటకో, కావలికో వెళ్ళనిస్తే చాలు.

మన జిల్లా నేర్పిన పాఠం

అర్థం తెలిసి చదివితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్ళవలసిన పని లేదు. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగిన రోజులు మా తరానికి బాగా గుర్తు. పగలంతా కూలి పనులు చేసి వచ్చిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టారు. వారి వాచకంలో సారా వల్ల చితికిన సంసారం గురించి 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు ఆ పాఠాన్ని నోటితో చదివి ఊరుకోలేదు. ఇది మన ఊరి కథే కదా అని గ్రహించారు. 1992లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు ముందు నిలిచారు. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించవలసి వచ్చింది.

వారిలో చాలామంది బడి మొగం చూడనివారు. రాత్రిబడి వారికి ఇచ్చింది కొన్ని నెలల పాఠాలే. అయినా ఆ కొద్ది చదువు ఒక ప్రభుత్వాన్ని కదిలించింది. ఎందుకంటే వారు చదివింది వారికి అర్థమైంది. అర్థమైనదాన్ని నలుగురూ కలిసి మాట్లాడుకొన్నారు. మన మొహల్లాలలో ఎన్ని వేల ఖతమ్‌లు జరిగాయి? ఆ గ్రంథంలో వడ్డీ గురించి, అనాథ ఆస్తి గురించి, స్త్రీకి చెందవలసిన వాటా గురించి ఉన్నది అర్థం చేసుకొని, మరుసటి ఉదయం చెల్లెలికి రావలసిన పొలం వాటాను ఆమె పేర రాసి ఇచ్చిన అన్నలు ఎందరు? ఈ ప్రశ్న కటువుగా ఉందని మాకు తెలుసు. అయినా అడగక తప్పదు.

ఇక్కడే మరొక మాట. మన సోదరులైన నూర్‌బాషాలు, దూదేకులవారు ఇంట్లో తెలుగే మాట్లాడుకొంటారు. ఉర్దూ రాదని, అరబీ ఉచ్చారణ సరిగా పలకదని వారిని 'చదువురానివారు' అని చులకన చేసే దురలవాటు మనలో ఇంకా చావలేదు. ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ముస్లిం కాదు, భాషా పండితుడు. ఒక హిందూ పండితుడు అర్థం కోసం అంత శ్రమపడితే, తెలుగులో అర్థం చదువుకొనే మన సొంత సోదరుణ్ణి ఉచ్చారణ కోసం వెక్కిరించడం ఏ రకం చదువో పెద్దలే చెప్పాలి.

వేలు మనవైపే చూపితే చాలదు

ఇంతవరకు చదివి, 'చూశారా, తప్పంతా వీళ్ళదేనని వీళ్ళే ఒప్పుకొన్నారు' అని సంబరపడేవారు ఉంటారు. వారికీ కొన్ని మాటలు చెప్పాలి.

'సాయిబులకు చదువు అబ్బదు, పిల్లలను మదరసాలో వేసి చెడగొడతారు' అనే మాట ఆఫీసులలో, బస్సులలో, ఇప్పుడు ఫోన్లలో విని విని చెవులు చిల్లులు పడ్డాయి. బడి ఈడు ముస్లిం పిల్లలలో మదరసాకు వెళ్ళేవారు మూడు శాతమేనని సచార్ కమిటీ తేల్చింది. మిగిలిన తొంభై ఏడుగురి మాటేమిటి? వారిలో బడికి వెళ్ళేవారు వెళ్ళేది అందరి పిల్లలు వెళ్ళే బడికే. వారు మధ్యలో మానేస్తే కారణం మదరసా కాదు. ఇంట్లో తిండి గడవకపోవడం, దగ్గరలో హైస్కూలు లేకపోవడం, చదివినా ఉద్యోగం ఇస్తారో ఇవ్వరో అన్న నిరాశ. 'పఢే ఫార్సీ, బేచే తేల్' అని ఉర్దూలో సామెత. ఫార్సీ చదివి నూనె అమ్ముకొన్నట్టు డిగ్రీ చదివి పంక్చర్లు వేసుకొంటున్న అన్నను చూసిన తమ్ముడికి పుస్తకం మీద ప్రేమ ఎలా పుడుతుంది?

'మదరసా' అనే మాటకు అరబీలో పాఠాలు చెప్పే చోటు, అంటే బడి అని మాత్రమే అర్థం. అరబ్బు దేశాలలో లెక్కలు నేర్పే బడీ మదరసాయే. ఒక సామాన్యమైన మాటను తిట్టుగా మార్చినవారు తామే చదువుకొన్నవారమని చెప్పుకొంటారు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మన పెద్దలు ఊరికే అనలేదు. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదరసా చట్టం తీర్పులో, ఉన్నత పట్టాల విషయాన్ని మినహాయించి ఆ చట్టాన్ని సమర్థించింది. మదరసాలను సక్రమంగా నడిపించే అధికారం రాజ్యానికి ఉంటుందనీ, రాజ్యాంగం ఇచ్చిన హక్కులు అల్పసంఖ్యాకులకు ఉంటాయనీ ఆ తీర్పు సారం. 30వ అధికరణం భిక్ష కాదు, హక్కు.

ఇక ప్రభుత్వాల సంగతి. ప్రతి ఏటా నవంబరు 11న మౌలానా ఆజాద్ జయంతిని జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతారు. ఆయన పటానికి దండ వేస్తారు. ఆ మౌలానా పేరున పరిశోధక విద్యార్థులకు ఇస్తున్న ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కేంద్రం నిలిపివేసింది. అదే ఏడాది నుంచి మైనారిటీ పిల్లల ప్రీ మెట్రిక్ ఉపకారవేతనం 9, 10 తరగతులకే పరిమితమైంది. ఒకటి నుంచి ఎనిమిది వరకు ఉచిత విద్య హక్కు చట్టం ఉంది కదా అని కారణం చెప్పారు. ఫీజు లేకపోతే ఖర్చు లేదా? చెప్పులు, సంచి, బస్సు చార్జీ, కూలికి పోతే వచ్చే రోజు డబ్బులు, వీటిని ఏ చట్టం భరిస్తోంది? 'చదువుకో' అని చెప్పడం తేలిక. 'చదివించడం' ఖర్చుతో కూడిన పని. ప్రభుత్వాలు కూడా మనలాగే తేలికైన క్రియను ఎంచుకొన్నాయి.

చదివిస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే రుజువు చూపింది. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద ఇచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ న్యాయస్థానాలలో ఎన్ని పరీక్షలు ఎదుర్కొన్నా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల నీడన కొనసాగింది. ఆ తలుపు తెరుచుకొన్నాకనే మన వీధులలో డాక్టరు చదివే పిల్లలు, ఇంజినీరింగు చదివే పిల్లలు కనిపించడం మొదలైంది. బుద్ధి వారికి ముందూ ఉంది. తలుపే లేదు.

గాజులు తాకట్టు పెట్టిన అక్క

మన తీరంలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఆయన పటం లేని ముస్లిం బడి లేదు, ఆయన పేరు చెప్పని ఉపన్యాసం లేదు. రామేశ్వరం మస్జిద్ వీధిలో పెరిగిన ఆ బాలుడు ఖుర్ఆనూ చదివాడు, భౌతిక శాస్త్రమూ చదివాడు. ఒకటి మరొకదానికి అడ్డు రాలేదు.

అయితే మద్రాసు ఎం.ఐ.టి.లో ఆయనకు సీటు వచ్చినప్పుడు ఇంట్లో డబ్బు లేదు. అప్పుడు అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి ఫీజు సమకూర్చింది. ఈ సంగతి ఆయన ఆత్మకథలోనే చెప్పుకొన్నారు. మనం తమ్ముడి పటం గోడకు తగిలించి, అక్క గాజులను మరచిపోయాము. చదువుకొన్నవాడు కలాం. చదివించినది జొహరా. ఆమె ఒంటి మీది బంగారం పందిట్లో చదివింపుగా మిగలలేదు, ఒక మనిషిని చదివించింది.

బంగారం మన ఇళ్ళలో ఇప్పుడూ ఉంది. ఎంత పేద ఇంట్లోనైనా కూతురి పెళ్ళికి తులమో రెండు తులాలో ఎక్కడి నుంచో వస్తుంది. ఆ తులం పెళ్ళికన్నా రెండేళ్ళు ముందు రాకూడదా? బస్సు చార్జీకి, హాస్టలు ఫీజుకు రాకూడదా? అని అడుగుతున్నాము.

ఏమి చేయాలి?

మాటలతో సరిపెట్టే అలవాటు మాకూ ఉంది గనుక, చేయదగిన పనులు మూడు చెప్పి ముగిస్తాము.

ఒకటి. 2027 జనగణనకు ఎన్యూమరేటర్లు మన గుమ్మంలోకి వస్తారు. అర్థం తెలిసి ఉర్దూ చదివి రాయగల తల్లిని, నాయనమ్మను 'చదువు రాదు' అని రాయించకండి. ఏ భాషైనా చదువే. అలాగే అర్థం తెలియక, రాయడం రాక ఉన్న బిడ్డను పరువు కోసం అక్షరాస్యుడని రాయించకండి. సరైన లెక్క లేకపోతే సరైన హక్కు అడగలేము. ఆ బిడ్డకు ఆ సాయంత్రం నుంచే ఎవరో ఒకరు పలక పట్టించాలి.

రెండు. ప్రతి మస్జిద్ కమిటీ సాయంత్రం అరబీ తరగతితో పాటు ఒక గంట తెలుగు, ఉర్దూ అర్థంతో పాఠం చెప్పించాలి. హజ్రత్‌కు ఇచ్చే జీతం కూలివాడి సంపాదనకన్నా తక్కువగా ఉంచి, గొప్ప చదువు చెప్పమంటే ఎలా చెబుతారు? ముందు ఆ జీతం పెంచాలి. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు ఊరికి నలుగురుంటే, నలుగురినీ కలిపి ఒకే ఆటోలో పంపే ఏర్పాటు కమిటీ చేయవచ్చు. తండ్రి భయానికి విరుగుడు ఉపన్యాసం కాదు, ఆటో.

మూడు. పందిట్లో సలామీలు రాసే పుస్తకం పక్కన మరో పుస్తకం పెట్టండి. అందులో ఆ జమాఅత్‌లో చదువు ఆగిపోయే స్థితిలో ఉన్న పిల్లల ఫీజుకు ఎవరు ఎంత ఇస్తారో రాయండి. పేరు చదివించుకోవాలన్న ఆశ మనిషికి సహజం. ఆ ఆశ తీరేలా పేర్లు బిగ్గరగానే చదివించండి. మేము ముందుగా మా పేరు రాయిస్తాము. ఆ ఊరి కాపలాదారు రెండవ కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆమె ఇంటరు ఖర్చు మా లెక్కలో వేసుకొన్నాము. తండ్రి ఇంకా 'సరే' అనలేదు. 'చూద్దాం భాయ్‌సాబ్' అన్నాడు. మళ్ళీ వెళ్ళి అడుగుతాము.

స్వర్ణాల చెరువులో రొట్టె అందుకొన్నవారు కోరిక తీరాక తెచ్చి ఇవ్వాలన్నది అక్కడి నియమం. మనలో చదువుకొని ఉద్యోగాలు చేసి పింఛన్లు తీసుకొంటున్న ప్రతి ఒక్కరమూ ఎవరో చదివిస్తే చదువుకొన్నవారమే. ఆ రొట్టె ఇంకా మన చేతిలోనే ఉంది.